దాశరథి అని కొట్టి చూడండి

ఒక చిన్న పని చేయండి. మీ కాలేజీ లైబ్రరీ క్యాటలాగ్ ఫోన్‌లో ఓపెన్ చేసి సెర్చ్ బాక్స్‌లో ‘దాశరథి’ అని కొట్టండి. ఏమీ రాకపోతే అదొక కథ. వస్తే మాత్రం వచ్చినవాటిని కాస్త నింపాదిగా చూడండి.

అక్కడ కనీసం ముగ్గురు ఉండాలి. ఒకరు ‘అగ్నిధార’ కురిపించిన దాశరథి కృష్ణమాచార్య. రెండోవారు ఆయన తమ్ముడు, ‘చిల్లర దేవుళ్లు’ నవల రాసిన దాశరథి రంగాచార్య. ఇద్దరిదీ చినగూడూరే, ఇప్పుడది మహబూబాబాద్ జిల్లాలో ఉంది. మూడోది ‘దాశరథీ శతకం’. రాసింది భద్రాచలం గుడి కట్టించిన కంచర్ల గోపన్న, అంటే మన రామదాసు. అక్కడ దాశరథి అంటే దశరథుడి కొడుకు. ఇద్దరు రచయితలు, ఒక దేవుడు. సెర్చ్ బాక్స్‌కి మాత్రం ముగ్గురూ నాలుగక్షరాలే.

ఈ ముగ్గురినీ ఎవరి అరలో వాళ్లని కూర్చోబెట్టడమే నా ఉద్యోగం. దాన్నే క్యాటలాగింగ్ అంటారు.

మాది సారపాక. గోదావరికి ఇటు ఒడ్డు. వంతెన దాటితే భద్రాచలం. మా ఊళ్లో పుట్టినవాళ్లకి పేర్లతో వచ్చే తంటా చిన్నప్పుడే అలవాటైపోతుంది. అందరూ ‘భద్రాచలం పేపర్ మిల్లు’ అనే ఐటీసీ మిల్లు ఉన్నది భద్రాచలంలో కాదు, సారపాకలో. ‘భద్రాచలం రోడ్’ అనే రైల్వే స్టేషన్ ఉన్నది ఇంకా దూరం, కొత్తగూడెంలో. అక్కడ రైలు దిగి, “గుడికి నడిచెళ్లొచ్చా?” అని ఫోన్ చేసిన చుట్టం మా వైపు ప్రతి ఇంటికీ ఒకరుంటారు. నలభై కిలోమీటర్లు నడవాలి మరి. పేరు ఒకచోట, మనిషో ఊరో ఇంకోచోట. మధ్యలో ‘అది కాదు, ఇటు చూడు’ అని ఒక బోర్డు కావాలి. లైబ్రరీ క్యాటలాగ్‌లో ఆ బోర్డుకి ‘చూడుము’ అని పేరు.

నాన్న మిల్లులో చేసేవారు. కాగితం తయారయ్యే ఊళ్లో పుట్టి, కాగితం మీద అచ్చయినవాటి లెక్క రాసే పనిలో పడ్డాను. డిగ్రీ అయ్యాక అంబేడ్కర్ ఓపెన్ యూనివర్సిటీలో బీఎల్‌ఐఎస్సీ, తర్వాత ఎంఎల్‌ఐఎస్సీ చేశా. 2017లో బస్సులో గంట దూరంలో ఉన్న ఒక ప్రైవేట్ డిగ్రీ కాలేజీ లైబ్రరీలో చేరా. కాంట్రాక్ట్ ఉద్యోగం. ఎవరో రిటైరైన మాస్టార్లు దానం చేసిన పాత తెలుగు పుస్తకాలు బీరువాల నిండా ఉన్నాయక్కడ. వాటిని కంప్యూటర్లోకి ఎక్కించడం నా పని. ఆర్డర్ కాగితం మీద నా హోదా ‘డేటా ఎంట్రీ ఆపరేటర్’. సాఫ్ట్‌వేర్‌లో నా లాగిన్ పేరు ‘డీఈవో2’. డీఈవో1 ఎవరో ఇప్పటికీ తెలీదు.

2021లో ఖమ్మం నుంచి ఒక కుర్రాడు వచ్చాడు. బీటెక్. మా లైబ్రరీ సాఫ్ట్‌వేర్ చూసుకోవడానికే తీసుకున్నారు. కానీ ప్రిన్సిపాల్ గారి ఫోన్‌లో స్టోరేజ్ నిండినా, ప్రింటర్‌లో ఇంకు అయిపోయినా, వైఫై పోయినా అతన్నే పిలిచేవాళ్లు. అతనికీ పేరు లేదు, ‘సిస్టమ్ అబ్బాయి’. నన్ను ‘మేడం’ అనేవాడు. ఆ మేడంలో మర్యాద ఉంది, దూరం ఇంకాస్త ఎక్కువుంది. నేనూ ‘మీరు’ అనేదాన్ని. ఒకే గదిలో రెండు మూలల్లో రెండు కుర్చీలు.

మేం వాడేది కోహా. మన దేశంలో చాలా లైబ్రరీల్లో కనిపిస్తుంది, ఉచితం. దీని పుట్టుక కథ నాకు ఇష్టం. న్యూజిలాండ్‌లో హోరోఫెనువా అనే చోటి లైబ్రరీల పాత సాఫ్ట్‌వేర్ 2000 సంవత్సరం రాగానే ఆగిపోయే పరిస్థితి వచ్చింది. కొత్తది కొనడం బదులు కటిపో అనే చిన్న కంపెనీతో రాయించుకుని, ఊరికే అందరికీ ఇచ్చేశారు. కోహా అంటే మావోరీ భాషలో కానుక. ఉత్త కానుక కాదు, పుచ్చుకున్నవాళ్లు ఎప్పుడో ఒకప్పుడు తిరిగి ఏదో ఇస్తారు అనే అర్థం కూడా ఉందట. మా చదివింపుల లెక్క లాంటిదే అనుకున్నా.

అతను చేరి నెల కాలేదు. ఓ మధ్యాహ్నం ల్యాప్‌టాప్ పట్టుకుని నా టేబుల్ దగ్గరికొచ్చాడు. ముఖం వెలిగిపోతోంది.

“మేడం, మీ డేటాలో 412 డూప్లికేట్ ఆథర్లు ఉన్నారు. స్క్రిప్ట్ రాశా. పదకొండు సెకన్లలో మొత్తం క్లీన్.”

గుండె జారింది. “అసలు దాని మీదే నడిపారా?”

“లేదు మేడం, టెస్ట్ కాపీ మీద. మీరు ఓకే అంటే అసలుదాని మీద కొట్టేస్తా.”

ఆ ఒక్క మాటకి అతని మీద సగం కోపం పోయింది. టెస్ట్ కాపీలో దాశరథి అని కొట్టా. ఒక్కడే వచ్చాడు.

“స్పెల్లింగ్ తేడాలు మేడం. దాశరథి కె., దాశరథి రంగా, ఉత్తి దాశరథి... మొదటి పేరు ఒకటే కదా, అన్నీ కలిపేశా.”

“దాశరథీ శతకం రాసినాయన ఎప్పుడు పుట్టాడని ఉంది?”

స్క్రీన్ కిందికి జరిపాడు. “1925.”

“భద్రాచలం గుడికి వెళ్లారా ఎప్పుడైనా?”

“చాలాసార్లు మేడం.”

“రామదాసు చేయించిన నగలు చూపిస్తారు కదా. గోల్కొండ కోటకెళ్తే ఆయన్ని పెట్టిన జైలు చూపిస్తారు. తానీషా కాలం. 1925లో పుట్టినాయన్ని తానీషా జైల్లో ఎలా పెట్టాడు?”

అతను నవ్వలేదు. నేనూ నవ్వలేదు. పాత చేతిరాత రిజిస్టర్‌లో కర్త పేరు ఉండాల్సిన గడిలో ఎవరో ‘దాశరథి’ అని రాసి వదిలేశారు. స్క్రిప్ట్ దాన్ని నమ్మింది. పనిలో పనిగా తమ్ముడి ‘చిల్లర దేవుళ్లు’ని కూడా అన్న ఖాతాలో వేసింది. తెలుగు పేర్లలో ముందొచ్చేది ఇంటిపేరని దానికెవరూ చెప్పలేదు.

ఇక్కడ మామూలుగా ఏం జరుగుతుందో నాకు తెలుసు. “సరే, ఒకటి రెండు తప్పులుంటాయి, మిగతా 410 కరెక్టే కదా” అంటారు. నా క్లాస్‌మేట్స్ పనిచేసే చోట్ల ఇలాంటి కథలు చాలా విన్నా. కానీ అతను కుర్చీ లాక్కుని కూర్చుని, “అయితే వీళ్లు వేర్వేరు మనుషులని మీకెలా తెలుస్తుంది మేడం? దానికి రూల్ ఏంటి?” అని అడిగాడు.

నాలుగేళ్ల నుంచి అక్కడ పనిచేస్తున్నా. ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి అతనే. ‘ఎన్ని అయ్యాయి?’ అని రోజూ అడిగేవాళ్లు. ‘ఎలా చేస్తావు?’ అని ఎవరూ అడగలేదు.

చెప్పడం మొదలుపెడితే సాయంత్రం బస్సు తప్పిపోయింది. అట్ట మీద పేరు నమ్మకూడదు, లోపలి మొదటి పేజీ చూడాలి. దాని వెనక పేజీలో ముద్రణ వివరాలు. అవీ లేకపోతే ముందుమాట. ముందుమాటలో ‘మా అన్నయ్య’ అని ఒక్క మాట దొరికినా చాలు. శ్రీశ్రీ, శ్రీరంగం శ్రీనివాసరావు ఒకరే. ఆరుద్ర, భాగవతుల సదాశివ శంకర శాస్త్రి ఒకరే. చలం, గుడిపాటి వెంకటచలం ఒకరే. అక్షరాలు చూస్తే ఒక్కటీ కలవదు. దాశరథులు ఇద్దరు, అక్షరాలు మాత్రం కలుస్తాయి. ఒకే మనిషికి పది పేర్లు, ఒకే పేరుకి పది మంది. అందుకే ప్రతి రచయితకీ ఒక ప్రామాణిక పేరు, పుట్టిన, పోయిన సంవత్సరాలు పెట్టి విడిగా ఒక రికార్డు రాస్తాం. దాశరథి కృష్ణమాచార్య, 1925-1987. దాశరథి రంగాచార్య, 1928-2015. మిగతా పేర్లన్నిటి నుంచీ దీనికి ‘చూడుము’ బోర్డులు.

రెండ్రోజుల తర్వాత స్క్రిప్ట్ మార్చుకుని వచ్చాడు. ఇప్పుడది దేన్నీ కలపదు. అనుమానం ఉన్న పేర్లని పక్కపక్కన పెట్టి చూపిస్తుంది. కింద రెండు బటన్లు, ‘ఒకరే’, ‘వేరు’. నొక్కేది నేను. 412 జంటలు చూడ్డానికి రెండు నెలలు పట్టింది. పదకొండు సెకన్ల పనికి రెండు నెలలా అని ఆఫీసులో గుసగుసలు వినిపించాయి. చేత్తో చేసుంటే రెండేళ్లు పట్టేది. ఆ లెక్క చూసింది మేమిద్దరమే.

ఈ తగవు మాతో మొదలైంది కాదు. కంప్యూటర్ లైబ్రరీలోకి వచ్చిన రోజు నుంచీ ఉంది. ఇవాళ ప్రపంచమంతా లైబ్రరీ రికార్డులు రాసుకునే పద్ధతి మార్క్. 100 అంటే రచయిత, 245 అంటే శీర్షిక, 260 అంటే ప్రచురణ వివరాలు, ఇలా ప్రతి గడికీ ఒక నంబరు. దీన్ని తయారుచేసింది హెన్రియెట్ ఆవ్రమ్ అనే అమెరికన్. ఆమె ప్రోగ్రామర్. అంతకుముందు అక్కడి నేషనల్ సెక్యూరిటీ ఏజెన్సీలో పనిచేశారు. లైబ్రరీ సైన్స్ డిగ్రీ లేదు. 1965లో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో చేరారు. క్యాటలాగ్ కార్డు మీద ఉన్న ప్రతి చుక్క, ప్రతి కామా అక్కడ ఎందుకుందో క్యాటలాగర్ల దగ్గర కూర్చుని నేర్చుకున్నారు. పైకి చూస్తే అది అరచేయంత కార్డు. దాన్ని విప్పితే వందల నిర్ణయాలు. 1966లో 16 లైబ్రరీలతో ప్రయోగం మొదలైంది. అరవై ఏళ్లు కావస్తోంది, ఆ గడుల మీదే బండి నడుస్తోంది. ‘మార్క్ పాతబడిపోయింది, తీసేయాలి’ అని ఏటా ఎవరో ఒకరు అంటూనే ఉంటారు. మా వాడూ అన్నాడు. అదింకా తీరని పంచాయితీ, వదిలేద్దాం.

మన దగ్గర దీనికి ఎదురు ఉదాహరణ కూడా ఉంది. ట్యూరింగ్ అవార్డు అందుకున్న మన రాజ్‌రెడ్డి గారు పది లక్షల పుస్తకాలు డిజిటల్ చేయాలని పెద్ద కల కన్నారు. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా అలా వచ్చిందే. వేల తెలుగు పుస్తకాలు స్కాన్ అయ్యాయి. ఇవాళ మీరు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో పాత తెలుగు పుస్తకం ఫ్రీగా చదువుతున్నారంటే చాలాసార్లు అది అక్కడి నుంచి వచ్చిందే. ఆ పనికి దండం పెట్టాల్సిందే. కానీ పేర్లన్నీ ఇంగ్లీషు అక్షరాల్లో, ఎవరికి తోచిన స్పెల్లింగ్‌తో వాళ్లు ఎక్కించారు. శ్రీ ఒక్కటే మూడు రకాలు. పుస్తకం ఉంటుంది, దొరకదు. దొరికినా కొన్నిసార్లు లోపల ఇంకో పుస్తకం ఉంటుంది. తర్వాత తెలుగు వికీపీడియా, వికీసోర్స్ వాలంటీర్లు కూర్చుని ఒక్కొక్కటీ విప్పి చూసి, పేర్లు తెలుగులో రాసుకుంటూ వచ్చారు. స్కానర్ పక్కన మొదటి రోజే ఒక క్యాటలాగర్‌ని కూర్చోబెట్టి ఉంటే... సరే, ఇప్పుడనుకుని ఏం లాభం.

ఇదంతా చదివి ప్రోగ్రామర్లకి ఏమీ తెలీదు, మాకే అన్నీ తెలుసు అంటున్నా అనుకోకండి. అతను పట్టుకున్నది నేను పదేళ్లు కూర్చున్నా పట్టుకోలేనిది ఒకటుంది.

‘హైదరాబాద్’ అని కొడితే 31 పుస్తకాలు వచ్చేవి. అంతకు రెట్టింపు ఉన్నాయని నాకు తెలుసు. నా చేత్తో ఎక్కించినవే. రికార్డు తెరిచి చూస్తే పేరులో ఒక్క అక్షరం తేడా లేదు. అతనికి చెప్పా. రెండు హైదరాబాద్‌లనీ కాపీ చేసి ఏదో టూల్‌లో పెట్టాడు. ఒకదానిలో తొమ్మిది కోడ్‌లు, ఇంకోదానిలో పది. చివరి పొల్లు తర్వాత కంటికి కనపడని ఒక అక్షరం ఉంది. జీరో విడ్త్ నాన్ జాయినర్ అని దాని పేరు. పక్క అక్షరంతో కలవకుండా ఆపే అడ్డుగోడ లాంటిది. కొన్ని తెలుగు కీబోర్డులు పొల్లు కొట్టగానే తమంతట తామే దాన్ని పెడతాయి, కొన్ని పెట్టవు. మనిషి కంటికి రెండూ ఒకటే. కంప్యూటర్‌కి రెండు వేర్వేరు ఊళ్లు.

“అన్నీ తీసిపారేయనా?” అంటాడనుకున్నా. అనలేదు. “మేడం, మాట మధ్యలో ఉన్నది తీసేస్తే రాజ్‌కుమార్ కాస్తా రాజ్కుమార్ అయిపోతాడు కదా?” అన్నాడు. అంటే అప్పటికే ఆలోచించి వచ్చాడన్నమాట. చివర్లో ఉన్న గోడని మాత్రం, అదీ వెతికే ఇండెక్స్‌లోనే, పట్టించుకోకుండా రూల్ రాశాడు. నా రికార్డుల్లో ఒక్క అక్షరం ముట్టుకోలేదు. కోహాలో ఇతర లిపులు సరిగా వెతకాలంటే ఐసీయూ అనే ఏర్పాటు ఆన్ చేయాలి. ఇంటర్నేషనల్ కాంపొనెంట్స్ ఫర్ యూనికోడ్ అని దాని పూర్తి పేరు. “తెలుగు పుస్తకాలన్నిటినీ ఐసీయూలో పెట్టా మేడం, ఇక కోలుకుంటాయి” అన్నాడు. ఆ రోజు మా గదిలో మొదటిసారి గట్టిగా నవ్వులు వినిపించాయి.

‘గ్రంథాలయం’ సంగతీ అంతే. సగం బోర్డుల మీద, చాలా పుస్తకాల మీద ‘గ్రంధాలయం’ అనే ఉంటుంది. తప్పే. కానీ పుస్తకం మీద ఏముంటే అదే రాయాలి, దిద్దే అధికారం మాకు లేదు. 245లో అచ్చయింది అచ్చయినట్టు రాసి, 246 అనే ఇంకో గడిలో సరైన రూపం రాస్తా. ఎలా కొట్టినా దొరుకుతుంది. ప్రచురణ స్థలం విషయంలోనూ ఇదే వాదన వచ్చింది. రాష్ట్రం పేరుకి డ్రాప్‌డౌన్ పెడదామన్నాడు. నేను గోదావరి వైపు చూపించా. ఒకప్పుడు ఇటు ఒడ్డు నిజాం రాజ్యం, అటు ఒడ్డు మద్రాసు రాష్ట్రం. భద్రాచలం 1959 దాకా తూర్పు గోదావరి జిల్లా, తర్వాత ఖమ్మం జిల్లా, 2016 నుంచి భద్రాద్రి కొత్తగూడెం. చుట్టుపక్కల మండలాలు కొన్ని 2014లో ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. ఏ సంవత్సరపు డ్రాప్‌డౌన్ పెడతావు? డ్రాప్‌డౌన్ ఆలోచన ఆ రోజే పోయింది.

ఇక 2022 జులై. మా వైపువాళ్లకి ఆ నెల చెప్పక్కర్లేదు. భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకి వచ్చింది. మూడో ప్రమాద హెచ్చరికే 53 అడుగుల దగ్గర ఇస్తారు. 1986 తర్వాత అంత నీళ్లు చూడలేదని పెద్దవాళ్లన్నారు. రోడ్ల మీదికి నీళ్లొచ్చాయి, బస్సుల్లేవు, కరెంటు ఎప్పుడొస్తుందో ఎప్పుడు పోతుందో తెలీదు. సామాన్లు మంచాల మీదికి ఎక్కించుకుని కూర్చున్నాం. నాలుగో రోజు కాలేజీ నుంచి ఫోన్. వోల్టేజ్ ఎక్కువ తక్కువై లైబ్రరీ సర్వర్ కాలిపోయింది, హార్డ్ డిస్క్ చదవడం లేదు.

ఐదేళ్ల పని. పదకొండు వేల రికార్డులు. ఒక్కో ముందుమాట చదివి, ఒక్కో సంవత్సరం వెతికి రాసినవి. బయట గోదావరి, లోపల ఇది. అమ్మకి చెప్తే “మళ్లీ ఎక్కించుకోవచ్చులే” అంది. అమ్మకి తెలీదు కదా.

రాత్రి అతనే చేశాడు. “మేడం, టెన్షన్ పడొద్దు. రోజూ రాత్రి రెండింటికి బ్యాకప్ తీసి ఇంకోచోట పెడుతున్నా. చేరిన వారం నుంచీ. నిన్న రాత్రిది ఉంది.”

అలా చేయమని అతనికెవరూ చెప్పలేదు. బడ్జెట్ కూడా లేదు. స్టోరేజ్‌కి నెలనెలా కొంత తన జేబులోంచి కడుతున్నాడు. నీళ్లు తగ్గి నేను కాలేజీకి వెళ్లేసరికి వేరే కంప్యూటర్ మీద క్యాటలాగ్ నడుస్తోంది. దాశరథులిద్దరూ ఎవరి చోట వాళ్లున్నారు. నేను ఇంట్లోంచి పులిహోర పట్టుకెళ్లా. అతను ఆ రోజు నుంచి ‘అక్కా’ అనడం మొదలుపెట్టాడు. నేను ‘నువ్వు’లోకి దిగా.

మరుసటి ఏడాది కాంట్రాక్టుల రెన్యువల్‌కి మీటింగ్ పెట్టారు. కరస్పాండెంట్ గారు సూటిగానే అడిగారు. “ఐఎస్‌బీఎన్ కొడితే అమెరికా లైబ్రరీ నుంచి వివరాలన్నీ వచ్చేస్తాయట కదా. ఇప్పుడు ఏఐ కూడా వచ్చింది. మనిషితో ఎక్కించడం ఎందుకు?” ఆ ప్రశ్న నాకు కాదు. అతని వైపు చూసి అడిగారు. టెక్నాలజీ గురించి కదా, టెక్నాలజీ అబ్బాయిని అడగాలి. నేనూ ఆ గదిలోనే, మూడు అడుగుల దూరంలో ఉన్నా.

అతను ల్యాప్‌టాప్ తిప్పి చూపించాడు. మా క్యాటలాగ్‌లో పిల్లలు కొట్టిన మాటల్లో ఫలితం సున్నా వచ్చినవాటి జాబితా. నెలవారీగా. నాకే తెలీదు అతను దాన్ని దాస్తున్నాడని.

“సార్, మన పాత తెలుగు పుస్తకాలకి ఐఎస్‌బీఎన్ లేదు. అమెరికా రికార్డులు వస్తాయి, కానీ తెలుగు పేర్లు చాలావరకు ఇంగ్లీషు అక్షరాల్లో, పైన గీతలు, కింద చుక్కలతో ఉంటాయి. మన పిల్లలు అలా కొట్టరు. ఈ లిస్టు నేను చూపించగలను. తగ్గించలేను. తగ్గించింది మేడం. ఏఐ అయినా ఎవరో ఒకరు సరిచూసిన రికార్డులు ఇస్తేనే నేర్చుకునేది. ఏ దాశరథి ఎవరో అది నన్నడిగితే, నేను మేడంనే అడగాలి.”

నా వంతు వచ్చినప్పుడు నేను నా గురించి ఎక్కువ మాట్లాడలేదు. బ్యాకప్ ఖర్చు కాలేజీయే భరించాలని అడిగా. అప్పటిదాకా ఎవరు కడుతున్నారో చెప్పా. కరస్పాండెంట్ గారు అకౌంట్స్ ఆయన వైపు చూశారు. ఆయన కిందికి చూశాడు.

ఏడాది పొడిగించారు. జీతం పెరగలేదు. ఆర్డర్ మీద హోదా మళ్లీ డేటా ఎంట్రీ ఆపరేటరే. బ్యాకప్ డబ్బులు మాత్రం ఇస్తున్నారు. సోమవారం వెళ్లి లాగిన్ అవబోతే ‘డీఈవో2’ పనిచేయలేదు. అటు మూల నుంచి అతను, “పేరు మార్చానక్కా. ‘క్యాటలాగర్’ అని కొట్టు” అన్నాడు. దీనికి ఎవరి సంతకమూ అక్కర్లేదట. సిస్టమ్ అబ్బాయి చేతిలో ఆ మాత్రం అధికారం ఉంది.

నా చేతిలో ఉన్నది రిపోర్టు. న్యాక్ వాళ్ల ఫారంలో లైబ్రరీ సాఫ్ట్‌వేర్ పేరేంటి, ఏ వెర్షన్, ఏ సంవత్సరం నుంచి అని అడుగుతారు. దాన్ని నిలబెట్టే మనిషి గురించి గడి లేదు. ఫారంతో జతచేసే వివరాల్లో నేనే ఒక పేరా రాశా. తెలుగు సెర్చ్, పేర్ల సరిచూపు, బ్యాకప్, ఎవరు చేశారో పూర్తి పేరు, ఇంటిపేరు ముందు పెట్టి మరీ. ప్రిన్సిపాల్ గారు చదివి, “ఇతని పేరు ఇదా?” అన్నారు.

పోయిన వారం ఇంకోటి వచ్చింది. ఫస్టియర్ అమ్మాయి ఒకామె, కోయ గూడెం నుంచి వస్తుంది, కౌంటర్ దగ్గర నిలబడి, “మేడం, మా భాషలో పుస్తకాలేమైనా ఉన్నాయా?” అని మెల్లగా అడిగింది. ఉన్నాయి. ఏడు. అన్నీ తెలుగు లిపిలో అచ్చయినవి. అందుకని అవి నేను రాకముందే ‘భాష: తెలుగు’ కింద ఎక్కాయి. కోయ అని వెతికితే కోయల గురించి ఇతరులు రాసినవి వస్తున్నాయి. కోయలో రాసినవి రావడం లేదు.

డ్రాప్‌డౌన్‌లో కోయ లేదు. లైబ్రరీలు మామూలుగా వాడే మూడక్షరాల భాషల జాబితాలో తెలుగుకి విడిగా కోడ్ ఉంది, గోండీకి ఉంది, కోయకి లేదు. ఇంకా పెద్ద జాబితా ఒకటుంది, ఐఎస్‌ఓ 639-3. అందులో కోయకి ‘కెఎఫ్‌ఎఫ్’ అని ఉంది. 041 అనే గడిలో రెండో సూచిక 7 పెట్టి, కోడ్ ఏ జాబితా నుంచి తీసుకున్నామో పక్కన రాస్తే మార్క్ ఒప్పుకుంటుంది. అది నాకు తెలుసు. అలా రాసినా మా సెర్చ్ పేజీలో ఎడమవైపు భాషల వరసలో అది కనపడేలా చేయడం అతనికి తెలుసు. మధ్యాహ్నం కూర్చున్నాం, సాయంత్రానికి టెస్ట్ కాపీలో వచ్చేసింది. తెలుగు, ఇంగ్లీష్, హిందీ, ఉర్దూ, కింద ఐదో పేరు, బ్రాకెట్‌లో ఏడు.

అసలుదాని మీద పెట్టబోతూ ఆగాడు.

“అక్కా, ‘కోయ’ అని ఉంచాలా, ‘కోయ భాష’ అనా? వాళ్లింట్లో ఏమంటారు?”

నాకు తెలీదన్నా.

“అయితే ఆగుదాం. ఆ అమ్మాయి ఎప్పుడొస్తుంది?”

సోమవారం వస్తుంది. పుస్తకం తిరిగివ్వాల్సిన తేదీ ఆ రోజే.